నెల్లూరు తీరంలో అడవి ఫలసాయం, చెట్ల నారు, ఎరువు

ఉత్తరాన రామాయపట్నం నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా ఉన్న తీరపు ఊళ్లకు చెట్ల మీద వచ్చే రాబడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి తనంతట తాను పెరిగిన అడవి ఇచ్చేది. తేనె, కుంకుళ్లు, చింతపండు, ముష్టి గింజలు, పేము, ఈతాకు, వేపగింజలు ఇందులోకి వస్తాయి. రెండోది మనుషులు నాటి, నీళ్లు పోసి పెంచినది. సరుగుడు, జామాయిల్, ముంతమామిడి, కొబ్బరి ఈ కోవలోవి. తాటిచెట్టు ఈ రెంటికీ నడుమ నిలుస్తుంది. దాన్ని ఎవరో అరుదుగా నాటుతారు, అందరూ వాడుకుంటారు.

ఈ చెట్ల గురించి చెప్పేటప్పుడు ఎరువును పక్కన పెట్టడం కుదరదు. తీరపు ఇసుకలో పశువుల పెంట లేనిదే లేత మొక్క నిలవదు. పొయ్యిలోకి కట్టె దొరక్కపోతే ఆ పెంటే పిడకలై పొయ్యిలోకి పోతుంది. బ్రిటిష్ ప్రభుత్వం పంపగా భారతదేశ వ్యవసాయాన్ని పరిశీలించిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో వెలువడిన తన నివేదికలో ఈ ముడినే ఎత్తి చూపాడు. రైతు పేడను కాల్చేది తెలియక కాదనీ, వేరే వంటచెరకు లేకనేననీ, ఊరూరా కట్టెకూ పశుగ్రాసానికీ చెట్లు పెంచితే పేడ పొలానికి తిరిగివస్తుందనీ ఆయన వాదన. నెల్లూరు తీరంలో తరువాత జరిగిన చాలా సంగతులు ఆ మాట వెలుగులోనే అర్థమవుతాయి.

నేల, నీరు, గాలి

పాత నెల్లూరు జిల్లా తీరం పొడవు 169 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు వైపు మండలాలు నెల్లూరులోకి వచ్చాయి. చెట్లకూ ఇసుకకూ ఈ గీతలతో పని లేదు కనుక ఇక్కడ ఈ తీరమంతటినీ ఒక్కటిగానే తీసుకోవాలి.

సముద్రం నుంచి పడమటికి నడిస్తే మొదట ఇసుక దిబ్బలు, వాటి వెనక పల్లపు నేలలు, ఉప్పు కయ్యలు, బకింగ్‌హాం కాలువ, ఆపైన పెన్న డెల్టా వరి పొలాలు వరసగా వస్తాయి. పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏటా కురిసే సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. అందువల్ల చెట్లు నాటే కాలం తెలంగాణలో మాదిరిగా జూన్, జూలైల్లో కాక చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో ఉంటుంది. నారు మాత్రం అంతకు నాలుగు నెలల ముందే, వడగాడ్పులు ఇంకా తగ్గని రోజుల్లో పోయాలి. ఈ ఊళ్లలో నారు పెంచడం కష్టం కావడానికి మొదటి కారణం ఇదే.

ఆ కష్టాన్ని దాటించేది దొరువు. ఇసుకలో ఏటవాలుగా తవ్విన లోతు తక్కువ గుంట ఇది. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న బరువైన ఉప్పు నీటి మీద పలుచని మంచినీటి పొరగా తేలి ఉంటుంది. దొరువు ఆ పై పొరను మాత్రమే అందుకుంటుంది. మనిషి గుంటలోకి దిగి రెండు కుండలు ముంచుకుని, పైకెక్కి మొక్కల మీద చిలకరించేవాడు. మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పు నీరు పైకి ఉబికి వస్తుంది. అందుకే బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు దొరువు అడుగున అడ్డంగా గొట్టాలు పరచి, పై పొరను నెమ్మదిగా తోడుకునే పద్ధతిని తయారుచేశారు. మొక్కకు రోజూ కాసిని నీళ్లే కావాలి కాబట్టి నారుమడికి దొరువు సరిగ్గా సరిపోతుంది.

గాలి సంగతి వేరు. 1927 నవంబరులో నెల్లూరును, 1984 నవంబరులో శ్రీహరికోటను, 1989 నవంబరులో కావలిని తాకిన తుపానులు ఈ తీరంలో పాకల్నీ తోటల్నీ ఊడ్చేశాయి. మొక్కలు నాటే నెలా తుపాను నెలా ఒకటే కావడం ఇక్కడి రైతు ఎన్నడూ తప్పించుకోలేని ఇబ్బంది.

శ్రీహరికోట అడవి, యానాదులు

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న దీవి శ్రీహరికోట. ఇక్కడి అడవి వానలు తక్కువైనా ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకం. ఇలాంటి అడవి కోరమాండల్ తీరంలో తునకలు తునకలుగా మాత్రమే మిగిలింది. పాల, నేరేడు, ముష్టి, చిల్ల, బలుసు, కలివి, కుంకుడు, చింత ఇందులో కనిపిస్తాయి. తడి పల్లాల్లో పేము తీగ పెరుగుతుంది.

ఈ అడవిని ఎరిగినవారు యానాదులు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య అయిదు లక్షలకు పైనే. వారిలో పెద్ద భాగం నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఏ పుట్టలో ఏముందో, ఏ తొర్రలో తేనె పట్టిందో, ఏ వేరు ఏ నొప్పికి పనికివస్తుందో వారికి తెలిసినంతగా అటవీ శాఖ దస్త్రాలకు తెలియదు. 1835లో ప్రభుత్వం శ్రీహరికోటను స్వాధీనం చేసుకున్న తరువాత ఆ తెలివి ఖజానాకు ఉపయోగపడింది. యానాదులు తేనె, కుంకుడు, ముష్టి గింజలు, చింతపండు, చిరివేరు ఏరి తెచ్చి ఇస్తే బదులుగా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దీవి కట్టెలు పడవల మీద మద్రాసుకు వెళ్లేవి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో ఈ ఏర్పాటు గురించి రాశాడు. డబ్బు కాక గింజలు ఇవ్వడాన్ని నాటి అధికారులు దయగా చూపారు. ధర కట్టేదీ కొలిచేదీ ఒక్కరే అయినప్పుడు దాన్ని వ్యాపారమని అనలేం.

ఆ సరుకుల్లో చిరివేరు కథ ప్రత్యేకమైనది. ఇసుక నేలలో అంగుళాల ఎత్తున పాకే ఈ చిన్న మొక్క వేరులో అలిజరిన్ అనే ఎర్ర రంగు ఉంటుంది. పటికతో పదును పెట్టిన నూలు గుడ్డ మీద ఈ వేరు ఇచ్చే ఎరుపు ఎంత ఉతికినా పోదు. కోరమాండల్ తీరపు కలంకారీ, అద్దకపు గుడ్డలకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఎరుపు ఇదే. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్‌మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. అక్కడి నుంచి కొద్ది ఏళ్లలోనే చిరివేరుకు అడిగేవారు లేకుండా పోయారు. అడవి సరుకు మీద బతికే ఊళ్లకు ఎక్కడో దూరాన జరిగిన మార్పు ఎంత త్వరగా తగులుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ తీరంలో లేదు.

ముష్టి గింజల నుంచి మందుల కోసం స్ట్రిక్నిన్ తీస్తారు. ఇది ప్రాణాంతక విషం. అదే జాతికి చెందిన చిల్లగింజ మాత్రం నిరపాయకరం. కుండ లోపలి గోడకు దాన్ని అరగదీసి బురద నీళ్లు పోస్తే మడ్డి అడుగుకు దిగి నీళ్లు తేటపడతాయి. సుగంధిపాల వేళ్లు నన్నారి షర్బతుకు పోతాయి. పేము, ఈతాకు బుట్టలకూ తట్టలకూ వాడతారు. పాల పండ్లు, బలుసు పండ్లు, కలివి పండ్లు వేసవిలో పిల్లల చేతుల్లోకీ, కాసిన్ని సంతలోకీ వస్తాయి. ఇవేవీ ఒక్కటే ఇల్లు గడపవు. ఏ కూలీ దొరకని వారాల్లో ఒకదాని తరువాత ఒకటి చేతికి రావడమే వీటి విలువ.

రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోటను ఎంచుకున్న తరువాత ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రాకెట్ ఎగిరింది. జనం రాకపోకలు తగ్గడంతో ఆ అడవి నరుకుడు నుంచి తప్పించుకుంది. ఇది నిజంగా పెద్ద మేలు. కానీ ఆ అడవి మీద బతికినవారు సరస్సు అవతలి ఊళ్లలో చేపలకూ, పొలం కూలీకీ, ఎలుకలు పట్టడానికీ మళ్లారు. మొక్కల పేర్లు, వాటి రుతువులు ఎరిగిన తరం ఆ అడవికి దూరంగానే గడిచిపోయింది. నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల హక్కుల కోసం దశాబ్దాల పాటు పనిచేసి, 1962లో వారి మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రచురించారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. యానాదుల జీవితాన్ని దగ్గరి నుంచి చూసి రాసిన పుస్తకాల్లో ఆ గ్రంథానికి ముఖ్యమైన స్థానం ఉంది.

తాటి

తీరంలో ఏ దిబ్బ ఎక్కి చూసినా కనిపించే చెట్టు తాటి. నీళ్లు పోయక్కర్లేదు, తుపానుకు ఓ పట్టాన పడదు, ఉప్పు గాలికి మాడదు. కల్లు, ముంజలు, తాటిపండు, తేగలు, బెల్లం తిండికి వస్తాయి. ఆకు కప్పుకు, మట్ట దడికి, నార తాళ్లకు, చేవ దూలాలకు వాడతారు. జాలరి పాకలకు తాటాకు కప్పే అలవాటు కాంక్రీటు ఇళ్లు వచ్చాక బాగా తగ్గింది.

తాటిని నారు పోసి పెంచలేం. టెంక నుంచి మొదట వచ్చే మొలక పైకి రాకుండా భూమిలోకి దిగి, అక్కడ పిండి పదార్థాన్ని నింపుకుంటుంది. దాన్నే తేగగా తవ్వి తింటాం. ఆ మొలకను కదిపితే చెట్టు చచ్చినట్లే. అందుకే టెంకల్ని పెరగాల్సిన చోటే పాతుతారు. గీతకు రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. మనవడి కోసం నాటే చెట్టు గనుక ఏడాది లెక్కలు చూసే ప్రభుత్వ పథకాల్లో దీనికి చోటు దొరకడం కష్టం. తీరపు పేదలకు ఇంతగా పనికివచ్చే చెట్టు మరొకటి లేదు కనుక ఆ చోటు దొరకాలి.

సరుగుడు

నెల్లూరు పల్లెల్లో సవక అని కూడా పిలిచే సరుగుడు మన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు దాని పుట్టిల్లు. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో వంటచెరకు కోసం, రైలు ఇంజన్ల కట్టె కోసం దీన్ని ఇసుక నేలల్లో విరివిగా నాటారు. 1877-78 కరువు పనుల్లో బకింగ్‌హాం కాలువ అతుకులు పూర్తయ్యాక ఉత్తరపు తీరానికీ మద్రాసుకూ పడవ దారి ఏర్పడింది. కట్టె బరువు సరుకు. దాన్ని బండి మీద తోలితే కిరాయికే సరిపోతుంది, పడవలో అయితే గిట్టుతుంది. తీరం వెంబడి సరుగుడు తోటలు పెరగడానికి ఈ కాలువ చేసిన సాయం చిన్నది కాదు.

పచ్చి ఇసుకలో ఈ చెట్టు ఇంత వేగంగా పెరగడానికి కారణం దాని వేళ్లలో ఉంది. చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల్లో రైజోబియం ఉన్నట్లే, సరుగుడు వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. కట్టె కిలోకు దాదాపు 5,000 కిలోకేలరీల వేడి ఇస్తుంది, పచ్చిగా ఉన్నా మండుతుంది. నిటారు కర్రలు సెంట్రింగుకూ, పందిళ్లకూ, పాకల గుంజలకూ, సరస్సులో వలలు కట్టడానికీ వెళ్తాయి. మిగిలినది కాగితపు గుజ్జుకు పోతుంది. రాజమహేంద్రవరం, భద్రాచలం వైపు కాగితం మిల్లులు కొనుగోలు చేయడం మొదలుపెట్టాక చెట్టు కట్టెల అడితి నుంచి కంపెనీ లారీ ఎక్కింది.

రైతు ఎకరాకు నాలుగు వేల మొక్కల దాకా నాటి, నాలుగైదేళ్లకు కొట్టిస్తాడు. తొలి ఏడాది వరసల మధ్య వేరుశనగో పుచ్చో వేస్తాడు. జామాయిల్ అయితే నరికిన మొద్దు మళ్లీ చిగురిస్తుంది, రెండు మూడు కోతలు వస్తాయి. సరుగుడు సాధారణంగా చిగురించదు. ప్రతి కోతకూ కొత్త నారు కావాలి. ఈ తీరంలో నారుమళ్లు ఒక వృత్తిగా నిలబడటానికి కారణం ఈ ఒక్క గుణమే. కోయంబత్తూరులోని అటవీ జన్యు, వృక్ష ప్రజనన సంస్థ సరుగుడు సంకర రకాల్ని విడుదల చేశాక కొమ్మ కత్తిరింపులతో పెంచే మొక్కలు కూడా వచ్చాయి. ధర ఎక్కువైనా అన్నీ ఒకే ఎత్తున పెరుగుతాయి.

తోట యజమానికి కర్ర మీద డబ్బు వస్తుంది. తోట చుట్టుపక్కల పేదలకు వచ్చేది వేరు. రాలిన సూదుల్ని ఆడవాళ్లు ఊడ్చి గంపలకు ఎత్తుకుంటారు, అది పొయ్యి అంటించడానికి పనికివస్తుంది. కోత అయ్యాక వేరు మొద్దులు తవ్వుకుంటారు. కోత కూలీ, మోత కూలీ, బెరడు తీసే కూలీ ఉంటుంది. అయితే సూదుల్ని పూర్తిగా ఊడ్చేస్తే ఇసుకకు తిరిగి చేరాల్సిన సారం కూడా వాటితో పాటే పోతుంది. వోల్కర్ పేడ గురించి చెప్పినది ఇక్కడ ఆకుకు వర్తిస్తుంది. ఇంటి పొయ్యి అవసరం తీరకుండా నేల బాగుపడదు.

2004 డిసెంబరు 26 సునామీ తరువాత తీరం వెంట సరుగుడు పట్టీలు పెంచడం ఊపందుకుంది. గాలి వేగాన్నీ ఇసుక తరలింపునూ ఇవి బాగా అడ్డుకుంటాయి. దక్షిణ చైనా తీరంలో 1950ల నుంచీ, సెనెగల్‌లో డాకర్ ఉత్తరాన ఉన్న ఇసుక దిబ్బల మీదా ఇదే చెట్టుతో పెద్ద పట్టీలు పెంచారు. కానీ అల తాకే గీత దాకా నాటడం తప్పు. ఆ చివరి మీటర్లు బాలబంద తీగవి, రావణాసురుని మీసాలనే ముళ్ల గడ్డివి. దిబ్బను కట్టి నిలిపేది అవే. గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేళ్లకు కూడా వేళ్లూ నీడా లేని ఆ ఖాళీ ఇసుకే కావాలి.

సర్కారు తుమ్మ

1877లో కడప జిల్లా కమలాపురం వైపు విత్తిన సర్కారు తుమ్మ ఇప్పుడు తీరపు పోరంబోకుల్నీ చెరువు గట్లనూ ఆక్రమించింది. పేదల పొయ్యిలో ఎక్కువగా మండేది ఇదే. దీని కట్టెను బట్టీల్లో కాల్చి బొగ్గు చేస్తారు. ఆ పనిలో యానాది కుటుంబాలు ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరక కట్టుబానిసలుగా మారిన ఉదంతాలు మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. కట్టుబానిసత్వ వ్యవస్థను రద్దుచేసిన చట్టం వచ్చింది 1976లో. ఇన్నేళ్ల తరువాత కూడా బొగ్గు బట్టీ దగ్గర దాని అవసరం తీరకపోవడం సిగ్గుపడాల్సిన విషయం.

ఎరువు

ఇసుకకు నీటినీ పోషకాల్నీ పట్టి ఉంచే గుణం లేదు. యూరియా వేస్తే తరువాతి తడికే వేళ్ల కిందికి జారిపోతుంది. మాగిన పెంట మాత్రం నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, పోషకాన్ని కొద్దికొద్దిగా ఇస్తుంది. అందుకే దీన్ని తిండి అనే కాక, మొక్క కాళ్ల కింద చేసిన నేల అని కూడా అనుకోవాలి.

బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ అర శాతం దాకా ఉంటాయి. గొర్రె, మేక పెంటలో నత్రజని మూడు శాతం, భాస్వరం ఒక శాతం, పొటాష్ రెండు శాతం దాకా ఉంటాయి. వేపపిండిలో నత్రజని సుమారు అయిదు శాతం, వేరుశనగ పిండిలో ఏడు శాతం. కానుగ ఆకును పూర్వం వరి మడిలో పచ్చిరొట్టగా తొక్కేవారు. దాని పిండి కూడా ఎరువే.

నెల్లూరుకు ఎరువు విషయంలో రెండు అదృష్టాలు ఉన్నాయి. ఒకటి పశుసంపద. ఒంగోలు జాతి పశువుల సీమలోనే ఈ జిల్లా కూడా ఉంది. ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్ చేరి అక్కడ నెలోరే అన్న పేరుతోనే స్థిరపడింది. రెండోది నెల్లూరు గొర్రె. ఉన్ని లేని, మాంసం కోసం పెంచే ఈ జాతి దేశంలోని గొర్రెల్లో అన్నిటికంటే పొడగరి. కోతలు అయ్యాక మెట్ట మందలు డెల్టా పొలాల్లోకి దిగుతాయి. రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకున్న రైతు కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. పెంటతో పాటు మూత్రం కూడా నేలకే చేరుతుంది కనుక, కుప్ప పోసి తోలిన ఎరువు కంటే మంద ఎరువుకు సారం ఎక్కువ. సరుగుడు నాటబోయే ఇసుక చేనుకూ, నారుమడి వేయబోయే జాగాకూ వేసవిలో మంద కట్టించడం అన్ని విధాలా మంచి పద్ధతి.

దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో ఎరువు ఆకాశం నుంచి వస్తుంది. చెరువులో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు గూళ్లు కడతాయి. వాటి రెట్ట నీటిలో కలుస్తుంది, ఆ నీటిని ఆయకట్టు పొలాలకు పారించుకున్న రైతులకు ఎరువు ఖర్చు తగ్గుతుంది. 1976లో దీన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. అంతకు ముందు నుంచే ఊరివారు పక్షుల్ని కాపాడుకోవడానికి ఈ ఎరువు ఒక బలమైన కారణం.

పెంటతో వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. పచ్చి పేడ వేస్తే అది కుళ్లేటప్పుడు పుట్టే వేడికీ అమ్మోనియాకూ లేత వేళ్లు మాడతాయి, చెదలు చేరతాయి. పెంటకుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. కుప్పను నెలల తరబడి కదపకుండా వదిలితే పక్కనున్న కొబ్బరి తోటకు చేటు. మూడో చిక్కు తీరానికి ప్రత్యేకం. గొర్రెలు, మేకలు సర్కారు తుమ్మ కాయలు ఇష్టంగా తింటాయి. గింజలు అరగకుండా పెంటలోకి వస్తాయి. మాగని పెంట తోలిన చేనులో ఆ ముళ్ల చెట్టు తానే మొలుస్తుంది. గుంటలో తడిపి, తిరగవేసి, లోపల బాగా వేడెక్కేలా మూడు నాలుగు నెలలు మాగబెడితే ఈ మూడు చిక్కులూ చాలా వరకు తీరతాయి.

నారుమడి

సరుగుడు విత్తనం చాలా చిన్నది. కిలోకు లక్షల గింజలు తూగుతాయి. కాయలు గోధుమ రంగుకు తిరగగానే కోసి, గుడ్డ మీద ఎండబెడితే రెక్క గల గింజలు వాటంతట అవే రాలతాయి. మామూలు నిల్వలో కొన్ని నెలలకే మొలక శక్తి తగ్గుతుంది కనుక ఏడాది నాటి విత్తనం కొనకూడదు.

మడికి ఇసుక, జల్లించిన మాగిన ఎరువు కలిపి చదును చేస్తారు. గింజల్ని సన్నని ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా ఇసుక రాల్చి, వరిగడ్డి కప్పుతారు. ఇక్కడ మొదటి శత్రువు చీమ. ఒక్క రాత్రిలో గింజలన్నీ మోసుకుపోగలదు. మడి చుట్టూ వేపపిండి చల్లడం, గట్టు చుట్టూ నీటి కాలువ ఉంచడం వాడుకలో ఉన్న ఉపాయాలు. వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. అప్పుడే గడ్డి తీసేయాలి. నీళ్లు ఎక్కువైతే నారు కుళ్లు వచ్చి మొలకలు మెడ దగ్గర విరిగి గుంపులు గుంపులుగా పడిపోతాయి. పైన తాటాకు పందిరి వేసి నీడను క్రమంగా తగ్గిస్తూ వస్తారు.

నాలుగు నుంచి ఆరు వారాలకు జానెడు లోపు ఎదిగిన మొక్కల్ని సంచుల్లోకి మారుస్తారు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన ఎరువు సమపాళ్లలో కలిపిన మిశ్రమం అందరూ వాడేది. ఇసుక నేలలో చెరువు ఒండ్రు దొరికితే ఎర్రమట్టికి బదులు అది మేలు. 10 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న సంచిలో అర లీటరు పైచిలుకు మిశ్రమం పడుతుంది. అంటే వెయ్యి సంచులకు దాదాపు 0.6 ఘనపు మీటర్లు కావాలి, అందులో ఎరువు 0.2 ఘనపు మీటర్లు. ఒక పశువు రోజుకు సుమారు పది కిలోల పేడ వేస్తుంది. నెల రోజుల పేడ మాగితే ఇంచుమించు ఆ వెయ్యి మొక్కలకు సరిపోతుంది. రెండు పశువులున్న భూమిలేని కుటుంబం కూడా, కాస్త జాగా, ఒక దొరువు ఉంటే నారు పెంచి అమ్ముకోవచ్చని ఈ లెక్క చెబుతుంది. చేతిలో మొదటి పెట్టుబడి ఎరువే అయినప్పుడు దాన్ని పిడకలు చేసి కాల్చడం ఎంత నష్టమో కూడా ఇదే లెక్క చెబుతుంది.

ఇంకో పని మరువకూడదు. సరుగుడు ఎన్నడూ పెరగని నేల మట్టితో సంచులు నింపితే అందులో ఫ్రాంకియా ఉండదు. మొక్కలు పసుపుబారి నిలిచిపోతాయి. పాత తోటలో వేళ్ల దగ్గరి మట్టి కొంత, లేదా వేరు బుడిపెలు నూరి కలిపిన నీళ్లు సంచుల్లో పోస్తే చాలు. కొనాల్సిన పనే లేదు.

వేప విషయంలో తొందర ముఖ్యం. జూన్, జూలైల్లో పండిన పండు గుజ్జు తీసి రెండు మూడు వారాల్లోపే విత్తాలి. అదృష్టవశాత్తూ ఆ లెక్కన అక్టోబరు వానలకు మొక్క సరిగ్గా సిద్ధమవుతుంది. చింత గింజను ఒక రాత్రి నీళ్లలో, కొందరు పేడనీళ్లలో నానబెడతారు. కుంకుడు గింజ పెంకు గట్టిది కనుక దాన్ని అరగదీయాలి. నల్లతుమ్మకు అన్నిటికంటే తేలికైన దారి మేకల దొడ్డి. మేక కడుపులో పెంకు మెత్తబడిన గింజల్ని పెంటలోంచి ఏరి విత్తితే బాగా మొలుస్తాయి. ముంతమామిడి గింజను నేరుగా సంచిలోనే, తొడిమ వైపు పైకి ఉండేలా పెడతారు. ముంతమామిడి అంట్లు వచ్చాక గింజ మొక్కలకు గిరాకీ తగ్గింది.

నాటే ముందు రెండు మూడు వారాలు నీళ్లు తగ్గించి, పందిరి తీసి మొక్కను రాటుదేలనివ్వాలి. సంచి అడుగు చీల్చుకుని నేలలోకి దిగిన వేరును అప్పుడప్పుడు తెంపుతూ ఉండాలి. నాటే గుంటలో రెండు దోసిళ్ల ఎరువు, గుప్పెడు వేపపిండి వేస్తే తొలి వేసవి గట్టెక్కుతుంది.

చట్టం, సంస్థలు

1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు ఏర్పడ్డాయి. ఏరుకునే పనికి అనుమతి అవసరమైంది. దాని స్థానంలో వచ్చినది 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, కుంకుడు వంటివి కొంటుంది. కానీ దాని బలమంతా ఉత్తరాంధ్ర మన్యంలోనే. మైదానంలో చెదురుమదురుగా ఉన్న యానాదుల దాకా అది అంతగా రాలేదు. వారి కోసం నెల్లూరులో ప్రత్యేకంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తోంది. 1980ల్లో సామాజిక అడవుల పథకం కింద ఊరూరా నారుమళ్లు వెలిశాయి. 1992 నుంచి వన సంరక్షణ సమితులు, 2005 చట్టం తరువాత ఉపాధి హామీ పనుల్లో నర్సరీలు, కంపోస్టు గుంటలు వచ్చాయి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద ఏరుకునేవారికే యాజమాన్యం ఇచ్చింది. చట్టం గొప్పది. అయితే అది అటవీ భూమికే వర్తిస్తుంది. తీరపు యానాది కుటుంబం ఏరుకునే ఈతాకు చెరువు గట్టుది, వేపగింజ రోడ్డు పక్కది, కట్టె పోరంబోకుది. ఆ చెట్లు ఎవరివో తేల్చే కాగితం చాలాచోట్ల పంచాయతీ వేలం పాటే. పాట పాడినవాడు కాయ ఏరనివ్వకపోతే అడగడానికి హక్కు లేదు. గట్ల మీద, కాలువ పక్కన తాటి, చింత, వేప, కానుగ నాటి, వాటి ఫలసాయాన్ని పట్టాగా భూమిలేనివారికి రాసివ్వడం పంచాయతీకి కొత్త చట్టం లేకుండానే చేయదగిన పని.

ఉప్పు

1980ల చివర మొదలైన రొయ్యల చెరువులు తీరపు నీటిని మార్చాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల్ని తొలగించాలని తీర్పు చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, అనుమతితో పెంపకం కొనసాగుతోంది. చెరువు నుంచి ఊరిన ఉప్పు పక్కనున్న దొరువులోకి చేరితే మొదట చచ్చేది నారు. పెరిగిన సరుగుడు కొంత ఉప్పును తట్టుకుంటుంది, దాని రెండు వారాల మొలక తట్టుకోలేదు. అందువల్ల ఇలాంటి చోట్ల నారుమడిని ఊరి పడమటి వైపు, మంచినీటి చెరువు ఆయకట్టులో పెట్టి, ఎదిగిన మొక్కల్ని తీరానికి తరలించడం మంచిది. ఉప్పు ఇప్పటికే పట్టిన నేలకు కానుగ, పొన్న, గంగరావి తగిన చెట్లు. అల పోటు వచ్చిపోయే కృష్ణపట్నం, కండలేరు ఏటి పాయల బురదకు మడ చెట్లు తగినవి. మడ గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. దాన్ని బురదలో నేరుగా గుచ్చినా బతుకుతుంది, ఎరువు అక్కర్లేదు.